మెసేజ్‌తో ఫోన్ కంట్రోల్ చేసే ‘ప్రైవేట్’ యాప్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

“ఫోన్ పోయిందా? వేరే ఫోన్ నుంచి ఒక్క మెసేజ్ పెట్టండి చాలు, ఎక్కడుందో చెప్పేస్తుంది, సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది, లాక్ అయిపోతుంది, నెట్ కూడా అక్కర్లేదు, పైగా మీ ప్రైవేట్ మెసేజ్‌లు ఎవరికీ కనపడకుండా దాచిపెడుతుంది” అంటూ తెలుగులో వీడియో ప్రకటనలు తిరుగుతున్నాయి కదా, అందులో ఒకటి మేం కొన్నాం. దయచేసి మీరు కొనకండి. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు రంగు మార్చి, బొమ్మ మార్చి వేర్వేరు పేర్లతో అమ్ముతున్నారు. ఒక పేరు చెబితే మిగతావి మంచివనుకునే ప్రమాదం ఉంది. పేరు కన్నా అవి పనిచేసే తీరు తెలుసుకోవడమే ముఖ్యం.

మాకు ఇది ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఇదే అవసరం ఉంటుంది. నాన్న ఖమ్మం జిల్లాలో ఊళ్ళో ఉంటారు. అక్కడ డేటా ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, మామూలు మెసేజ్ మాత్రం ఎలాగోలా చేరుతుంది. ఆయన ఫోన్ చేను దగ్గరో, ఆటోలోనో మర్చిపోతుంటారు. ఆ ఫోన్‌లోనే బ్యాంకు మెసేజ్‌లు, ఫోన్‌పే, పంట డబ్బులు పడినట్టు వచ్చే మెసేజ్‌లు అన్నీ ఉంటాయి. నెట్ లేకుండా మెసేజ్‌తో పనిచేసేది అంటే మాకు సరిగ్గా సరిపోయేదే అనిపించింది. నాన్న మాత్రం “ఇవన్నీ నాకెందుకురా, పోతే ఇంకోటి కొనుక్కుంటా” అన్నారు. ఆయన బ్యాంకు ఉన్న ఫోన్ కాబట్టి నేరుగా అందులో పెట్టకుండా ముందు నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఎక్స్‌ట్రా సిమ్ వేసి చూశాను. కింద రాసేవన్నీ అందులో కళ్ళారా చూసినవే.

మొదటి విషయం డబ్బు. ఏడాదికి 1,499 అన్నారు. పేమెంట్ వాళ్ళ సొంత పేజీలో, యూపీఐతో. పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో ఆటోపే అని, గరిష్ఠ మొత్తం 5,000 అని ఉంది. అంటే ఏడాది తర్వాత వాళ్ళు రేటు పెంచుకున్నా అంత వరకు మన ఖాతా నుంచి లాగేసుకునేలా అనుమతి తీసుకుంటున్నారన్నమాట. డబ్బు కట్టిన వెంటనే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్ళి దాన్ని రద్దు చేశాను. ఇది చాలామందికి తెలియదు: యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, దాన్ని విడిగా రద్దు చేయాలి. రిఫండ్ అడిగితే “డిజిటల్ ప్రొడక్ట్ సార్, రిఫండ్ ఉండదు” అని ఒకటే మాట. ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే కనీసం 48 గంటల్లో గూగుల్‌నే రిఫండ్ అడిగే దారి ఉండేది. వాళ్ళ సొంత పేజీలో కట్టించుకోవడం అందుకే.

ప్లే స్టోర్‌లో వాళ్ళ యాప్ ఉంది, కానీ అందులో మెసేజ్‌తో కంట్రోల్ చేసే సంగతే లేదు. “ఫుల్ వెర్షన్ మా లింక్ నుంచి దించుకోండి” అన్నారు, ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో పెట్టుకునే యాప్ ఫైల్. దీని వెనక ఒక కారణం ఉంది. 2018 అక్టోబరులో గూగుల్ ఒక నియమం ప్రకటించి 2019 నుంచి అమలు చేసింది: మెసేజ్‌లు, కాల్ లిస్టు చదివే అనుమతి కొద్దిరకాల యాప్‌లకే, ముఖ్యంగా ఫోన్‌లో ప్రధాన మెసేజ్ యాప్‌గా పెట్టుకున్న వాటికే ఇస్తామని. అంతకుముందు మంచి పేరున్న దొంగతనం నిరోధక యాప్‌లు కూడా ఆ దెబ్బకి ప్లే స్టోర్ వెర్షన్ నుంచి మెసేజ్ కమాండ్లు తీసేయాల్సి వచ్చింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా “మెసేజ్ కమాండ్ పూర్తిగా పనిచేస్తుంది” అని అమ్ముతున్నారంటే చాలావరకు బయటి నుంచి ఏపీకే పెట్టమంటారు.

అక్కడితో ఆగలేదు. ఇన్‌స్టాల్ చేస్తుంటే, ప్రమాదకర యాప్‌లని పట్టుకునే గూగుల్ రక్షణ ‘ప్లే ప్రొటెక్ట్’ అడ్డుకుంది. వాళ్ళ సపోర్ట్ చాట్‌లో అడిగితే “దాన్ని ఆఫ్ చేయండి సార్, అందరూ అలాగే చేస్తారు” అన్నారు. మన దేశంలో ఓటీపీ మోసాలు ఎక్కువైపోయాయని, బయటి నుంచి దించిన యాప్‌లు మెసేజ్‌లు చదివే అనుమతి అడిగితే వాటిని ఆపేసేలా ఒక రక్షణ తెస్తున్నామని 2024 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. వాట్సాప్‌లో ఆర్‌టీఓ చలాన్ అని, పీఎం కిసాన్ అని ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్నారే, ఆ యాప్‌లు అడిగేది కూడా ఇదే అనుమతి. మెసేజ్ రాగానే చదవడం, వేరే చోటికి పంపడం, కనపడకుండా చేయడం. మనం డబ్బిచ్చి కొన్న యాప్, ఆ దొంగ యాప్ లోపల చేసే పనులు ఒకటే. తేడా ఏంటంటే ఇది అమ్మేవాడి మంచితనం మీద ఆధారపడి ఉంది. అమ్మేవాడెవరో, ఆఫీసు ఎక్కడో కూడా ఆ పేజీలో లేదు, ఒక మెయిల్ ఐడీ తప్ప.

సరే, పనిచేసిందా? టేబుల్ మీద, స్క్రీన్ ఆన్‌లో ఉన్నప్పుడు పనిచేసింది. మెసేజ్ పెట్టగానే మోగింది, మ్యాప్ లింక్ తిరిగి వచ్చింది. ఫోన్ కాసేపు పక్కన పడేసి ఉంచితే మాత్రం చాలాసార్లు ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ ఆదా కోసం చాలా కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి, పూర్తిగా ఆపేసిన యాప్‌కి ఆండ్రాయిడ్ మెసేజ్ వచ్చిన సంగతే చెప్పదు. పోయిన ఫోన్ అంటే ఎక్కడో పడి ఉన్న ఫోనే కదా, అసలు అవసరమైన సమయంలోనే ఇది పనిచేయదు. లొకేషన్ ఆఫ్‌లో ఉంటే దాన్ని ఆన్ చేసే అధికారం మామూలు యాప్‌కి లేదు, అయినా ప్రకటనలో “జీపీఎస్ ఆఫ్‌లో ఉన్నా” అనే చెబుతారు. సిమ్ మార్చగానే మనకి సమాచారం వస్తుందన్నది ఇంకో మాట. ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకి సిమ్ సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) చదివే వీల్లేదు, మా ఫోన్‌లో సిమ్ మార్చి చూస్తే ఏ సమాచారమూ రాలేదు. ఐఫోన్‌కి కూడా వెర్షన్ ఉందని ఎవరైనా అంటే అసలు నమ్మకండి. స్పామ్ వడపోతకి ఇచ్చే చిన్న వెసులుబాటు తప్ప ఐఫోన్‌లో బయటి యాప్‌లకి మెసేజ్‌లు చదివే అనుమతే లేదు.

ఇక కమాండ్ సంగతి. నాలుగంకెల పిన్, ఒక మాట, అంతే. మొదట్లో ఉండే పిన్ మార్చమని యాప్ అడగనే లేదు. ఏ నంబరు నుంచి పెట్టినా తీసుకుంటోంది, తప్పు పిన్ ఎన్నిసార్లు కొట్టినా ఆపడం లేదు. అంటే పిన్ తెలిసిన ఎవరైనా సరే మీ ఇంటి మనిషి ఎక్కడున్నాడో మెసేజ్ పెట్టి తెలుసుకోవచ్చు, ఫోన్ మొత్తం చెరిపేయొచ్చు. పిన్ తెలుసుకోవడం కూడా కష్టం కాదు, మామూలు ఎస్ఎంఎస్‌కి తాళం ఉండదు, పెట్టిన ఫోన్‌లో సెంట్ మెసేజ్‌ల్లో పిన్ అలాగే కనపడుతూ ఉంటుంది. “కమాండ్ మెసేజ్ ఫోన్‌లో కనపడదు” అన్నారు, కనపడింది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి ప్రధాన మెసేజ్ యాప్‌కి తప్ప ఇంకోదానికి మెసేజ్‌లు తీసేసే వీల్లేదు. ఈ మాట వాళ్ళకి చెబితే “అయితే మా యాప్‌నే ప్రధాన మెసేజ్ యాప్‌గా పెట్టుకోండి” అన్నారు.

అదే నన్ను అన్నిటికన్నా భయపెట్టిన విషయం. ప్రధాన యాప్‌గా పెట్టగానే మన మెసేజ్‌లన్నీ దాని చేతిలోకి వెళ్ళిపోతాయి. మెసేజ్‌లు దాచే ‘ప్రైవేట్ బాక్స్’కి క్లౌడ్ బ్యాకప్, అంటే వాళ్ళ సర్వర్‌లో కాపీ ఉంచడం, అని ఒకటి ఉంది, మనం అడగకుండానే ఆన్‌లో ఉంది. వాళ్ళ సైట్‌లో లాగిన్ అయ్యి డాష్‌బోర్డ్ చూస్తే ఆ ఫోన్‌కి వచ్చిన ప్రతి మెసేజ్ అక్కడ ఉంది. ఆ సిమ్ నంబరుతో ఒక షాపింగ్ సైట్‌లో లాగిన్ చేసి చూశాను, ఓటీపీ అంకెలతో సహా డాష్‌బోర్డులో ప్రత్యక్షం. ఇది ఎన్‌క్రిప్ట్ అవుతుందని, అంటే మనం తప్ప ఇంకెవరూ చదవలేని కోడ్‌గా మారుతుందని, ప్రకటనలో పెద్దక్షరాలతో రాశారు. నేను సపోర్ట్‌లో ఇంకేదో సమస్య అడుగుతుంటే అవతలి మనిషి “మీకు ఇందాక షాపింగ్ ఓటీపీ వచ్చింది కదా సార్, అంటే యాప్ బాగానే పనిచేస్తోంది” అన్నాడు. నేను చెప్పలేదు ఆ సంగతి. వాళ్ళు కూర్చున్న చోటు నుంచి మన మెసేజ్‌లు చదువుతున్నారు. ఆ ఫోన్ నాన్నది అయ్యుంటే, అందులో బ్యాంకు ఓటీపీ అయ్యుంటే అన్న ఆలోచనకే చేతులు చల్లబడ్డాయి.

మా బాబాయ్ అదే ప్రకటన చూసి, మాకు చెప్పకుండా ఆయన సొంత ఫోన్‌లో పెట్టుకున్నారు. నేను చెప్పిన తర్వాత కంగారుగా యాప్ తీసేశారు, దాంతో ప్రైవేట్ బాక్స్‌లోకి పంపిన మెసేజ్‌లన్నీ పోయాయి. వాటిలో పొలం కౌలు లెక్కలకి సాక్ష్యంగా ఉంచుకున్నవి ఉన్నాయి. ఆయన కాపీ పోయింది, వాళ్ళ సర్వర్‌లో కాపీ మాత్రం ఉంది. ఖాతా తీసేయమని రాస్తే జవాబు లేదు. ఆయన్ని బ్యాంకుకి తీసుకెళ్ళి యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అన్నీ మార్పించాం. పెద్దాయన రెండు పూటలు సరిగా తిండి తినలేదు, ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇలాంటి సర్వర్లు భద్రంగా ఉంటాయా అంటే బయట దేశాల్లో ఏం జరిగిందో చూడండి. ఫోన్‌లో మెసేజ్‌లు, లొకేషన్ సేకరించే లెట్‌మీస్పై అనే పోలాండ్ యాప్‌ని 2023 జూన్‌లో హ్యాక్ చేశారు, వేలమంది మెసేజ్‌లు, కాల్ వివరాలు బయటపడ్డాయి, ఆగస్టు చివరికి అది మూతపడింది. ఎంస్పై అనే ఇంకోదాని సపోర్ట్ విభాగం డేటా 2024లో లీకైంది, కొనుక్కున్న లక్షలమంది వివరాలు అందులో ఉన్నాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో స్పైఫోన్ అనే కంపెనీని ఈ వ్యాపారమే చేయకుండా నిషేధించింది. పేరున్నవాటికే ఇలా అయింది.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తాను. ఇదే యాప్‌ని “మీ భార్య ఎవరితో మాట్లాడుతోందో తెలుసుకోండి” అని కూడా అమ్ముతున్నారు. అవతలి మనిషికి తెలియకుండా ఫోన్‌లో ఇది పెట్టడం నేరం. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ళ వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. ఒక ఆడమనిషి ఫోన్ సంభాషణల మీద మగవాడు ఇలా నిఘా పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కూడా వర్తిస్తుంది. అమ్మేవాడు మాత్రం ఎక్కడో ఉంటాడు, కేసు మన మీద పడుతుంది. అక్కచెల్లెళ్ళు ఎవరికైనా తమ ఫోన్‌లో తెలియని యాప్ ప్రధాన మెసేజ్ యాప్‌గా కనపడితే వెంటనే నమ్మకమైన వాళ్ళకి చూపించండి.

మరి ఫోన్ పోతే ఏం చేయాలి అంటారా. దొంగ చేసే మొదటి పని సిమ్ పీకేయడం, ఆ తర్వాత మీరు పెట్టిన మెసేజ్ ఎక్కడికీ చేరదు, ఎంత ఖరీదైన యాప్ అయినా అంతే. ఆండ్రాయిడ్‌లో గూగుల్‌ది ఫైండ్ హబ్ ఉచితంగా ఉంది, పాత పేరు ఫైండ్ మై డివైస్. మోగించడం, లాక్ చేయడం, చెరిపేయడం అన్నీ ఉన్నాయి. దానికి నెట్ కావాలన్న మాట నిజమే, కానీ కొత్త ఫోన్లలో దగ్గర్లో ఉన్న వేరే ఆండ్రాయిడ్ ఫోన్ల సాయంతో నెట్ లేకపోయినా ఆచూకీ దొరికే వీలుంది, సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. నాన్న ఫోన్‌లో ఇప్పుడు అదే పెట్టాం. ఐఎంఈఐ నంబరు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాం, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే కనపడుతుంది. ఫోన్ పోతే పోలీస్ ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ (పోయిన ఫోన్లని బ్లాక్ చేసే విభాగం) ద్వారా ఆ ఐఎంఈఐని బ్లాక్ చేయించొచ్చు, దాంతో ఆ ఫోన్ మన దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు. సిమ్ కంపెనీకి ఫోన్ చేసి నంబరు బ్లాక్ చేయించడం మాత్రం అన్నిటికన్నా ముందు చేయండి, ఓటీపీలు ఆగేది దానితోనే.

మెసేజ్‌లు ప్రైవేట్‌గా ఉండాలంటే ఎస్ఎంఎస్‌ని దాచే యాప్ కొనడం దండగ. వాట్సాప్ 2016 నుంచి పంపేవాళ్ళు, అందుకునేవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ అవుతోంది, 2023 నుంచి చాట్ లాక్ కూడా ఉంది. సిగ్నల్ అనే మెసేజ్ యాప్ అయితే ఎస్ఎంఎస్ అసలు భద్రమైనది కాదని చెప్పి 2022లో ఆండ్రాయిడ్ యాప్ నుంచి దాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. రెండూ ఉచితమే.

ఇప్పటికే కొనేసినవాళ్ళు ఇలా చేయండి. ముందు ప్రైవేట్ బాక్స్‌లో ఉన్న అవసరమైన మెసేజ్‌లని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రధాన మెసేజ్ యాప్‌ని పాతదానికి మార్చండి, డివైస్ అడ్మిన్ యాప్స్ (ఫోన్‌ని లాక్ చేసే, చెరిపేసే అధికారం ఉన్న యాప్‌ల జాబితా) లోకి వెళ్ళి దీని టిక్ తీయండి, లేకపోతే అన్ఇన్‌స్టాల్ అవ్వదు. అప్పుడు యాప్ తీసేయండి. ప్లే ప్రొటెక్ట్ మళ్ళీ ఆన్ చేయండి, ఆటోపే రద్దు చేయండి, యూపీఐ పిన్, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో డబ్బు పోయినట్టు అనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రిఫండ్ కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాం, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, సపోర్ట్ చాట్ అన్నీ జతచేశాం. మీరూ ఇలాంటిది కొని ఉంటే చాట్ చెరిపేయకుండా ఉంచి, అదే నంబరులో ఫిర్యాదు చేయండి.