రిషికేశ్‌లో బీటిల్స్: 150 రూపాయల టికెట్టు, 2,800 రూపాయల ‘గంగా వ్యూ’

రిషికేశ్‌లో ఇంగ్లండు రాక్ బ్యాండ్ బీటిల్స్ పేరు చెప్పి అమ్మేవాటిలో డబ్బు పెట్టదగింది ఒక్కటే. వాళ్ళున్న ఆశ్రమం గేటు దగ్గర అటవీశాఖ వాళ్ళిచ్చే టికెట్టు. మేం 2022 నవంబరులో వెళ్ళినప్పుడు మనవాళ్ళకు 150 రూపాయలు, విదేశీయులకు 600 తీసుకున్నారు. బీటిల్స్ రూము, బీటిల్స్ గైడు, బీటిల్స్ బొమ్మ వేసిన కప్పులో కాఫీ, ఇవన్నీ చేతి చమురు వదిలించేవే.

వెళ్ళింది ముగ్గురం. మా ఆవిడ గంగాస్నానానికి, హారతికి వచ్చింది. బావమరిది రాఫ్టింగ్‌కి వచ్చాడు. నేను పాటల కోసం వెళ్ళాను. బయల్దేరే ముందే మా ఆవిడ తేల్చి చెప్పింది: “గంగ దాకా వెళ్ళి మీ పాటలవాళ్ళ చుట్టూ తిరగడానికి ఒక్క పూటే ఇస్తాను. తర్వాత నన్నడగొద్దు.” సరేనన్నాను. పరమార్థ నికేతన్ హారతి బాగుంది. రాఫ్టింగ్ కూడా బాగా జరిగింది, శివపురి నుంచి మనిషికి వెయ్యి రూపాయలు. ఇక అసలు విషయానికొస్తాను.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ నలుగురూ, అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, ధ్యానం నేర్చుకోవడానికి మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. అందరికంటే ముందు రింగో వెళ్ళిపోయాడు, నెల దాటాక పాల్ వెళ్ళాడు. జాన్, జార్జ్ ఏప్రిల్ 12 దాకా ఉన్నారు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్, జనం వైట్ ఆల్బమ్ అని పిలిచేది, దానిలో చాలా పాటలు ఇక్కడ పుట్టినవే. నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దాని కాపీ క్యాసెట్టు దొరికింది. పాటల పేర్లు ఎవరో బాల్‌పెన్నుతో రాశారు, సగం తప్పులే. చాలాకాలం ఆ తప్పుడు పేర్లతోనే ఆ పాటలు నాకు తెలుసు.

ఇప్పుడు లాడ్జి సంగతి. తపోవన్ వైపు ఒకటి ఆన్‌లైన్‌లో కనిపించింది. ‘బీటిల్స్ సూట్, గంగా వ్యూ, ఆశ్రమానికి ఐదు నిమిషాల నడక’ అని ఉంది. రాత్రికి 2,800. రెండు రాత్రులకు 5,600 ముందే కట్టించుకున్నారు. డెహ్రాడూన్ ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీకి 1,500 అయింది. అందులో వంక పెట్టడానికేం లేదు, డ్రైవరు పెద్దమనిషి.

గది తలుపు తీయగానే ఎదురుగా గోడ నిండా పెయింటింగు. నలుగురూ రోడ్డు దాటుతున్న బొమ్మ. నలుగురికీ ఒకటే ముఖం. బావమరిది చాలాసేపు చూసి “బావా, వీళ్ళల్లో నీ జాన్ ఎవరు?” అన్నాడు. నేనేం చెప్పను? గంగ ఎక్కడుందని కుర్రాణ్ణి అడిగితే బాత్రూం కిటికీ చూపించాడు. కమోడ్ పక్కన నిలబడి మెడ బయటికి పెట్టి ఎడమవైపు చూస్తే రెండు బిల్డింగుల మధ్య అరచేతి మందం నీళ్ళు కనిపించాయి. మా ఆవిడ చూసొచ్చి, “గంగమ్మ తల్లిని ఇక్కణ్ణించి చూడటానికి నాకు మనసు రాదు” అని కిటికీ వేసేసింది.

ఓనరు దగ్గరికి వెళ్ళాను. ఫోన్లోంచి తల ఎత్తకుండానే “టెర్రస్ మీద నుంచి బ్రహ్మాండంగా కనిపిస్తుంది సార్” అన్నాడు. ఎక్కితే తాళం. సాయంత్రం ఆరు తర్వాత టెర్రస్ తెరవరట. ఉదయం? ఎనిమిది తర్వాత. మధ్యలో బట్టలు ఆరేస్తారు కాబట్టి ‘కొంచెం చూసుకొని’ వెళ్ళాలట. ఐదు నిమిషాల నడక సంగతి అడిగితే ఝూలా, అంటే గంగ మీది వేలాడే వంతెన, దాటితే వచ్చేస్తుందన్నాడు. మేం వెళ్ళేసరికి లక్ష్మణ్ ఝూలా మీద నడిచేవాళ్ళను కూడా ఆపేశారు. రామ్ ఝూలా దాకా షేర్ ఆటోలో వెళ్ళి, వంతెన దాటి, స్వర్గాశ్రమం బజారంతా నడిచి పోవాలి. తీరిగ్గా నడిస్తే గంట.

ఇంకా వినండి. ఒక పరుపు అదనంగా వేసినందుకు రోజుకు 600. గది హీటరుకు 300. గీజరు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే. ఆ గంటలో ముగ్గురం స్నానాలు చెయ్యాలి. ఇవేవీ బుక్ చేసేటప్పుడు చెప్పలేదు. రాత్రి కింది కేఫ్‌లో స్పీకర్లు మొదలయ్యాయి. బీటిల్స్ పాటలు వేసినా ఓర్చుకునేవాణ్ణి. గుండెల్లో దబదబ కొట్టే డీజే మ్యూజిక్, పన్నెండు దాకా. మంచంమీద దొర్లుతుంటే ‘ఐయామ్ సో టైర్డ్’ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇదే ఊళ్ళో ధ్యానం ఎక్కువై నిద్ర పట్టక జాన్ రాసుకున్న పాట అది. వైటూకే రోజుల్లో బేగంపేటలో నైట్ షిఫ్టులు చేసేవాణ్ణి. తెల్లవారుజామున ఖాళీ బస్సులో వాక్‌మన్‌లో ఇదే పాట. రెండు నిమిషాల పాట, బస్సు దిగేదాకా మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పేవాణ్ణి. మా ఆవిడ లేచి కూర్చుని “నిద్ర పట్టకపోతే నవ్వుతారా ఎవరైనా?” అంది.

మర్నాడు ఆశ్రమం. గేటు బయటే గైడు తగులుకున్నాడు. 800 అన్నాడు, 500కి దిగాడు. నాకు వద్దు. బావమరిది మాత్రం “తెలిసినవాడు పక్కనుంటే బాగుంటుంది బావా” అని కుదిర్చాడు. లోపలికి అడుగుపెట్టగానే గుడ్డు ఆకారంలో, గంగలో దొరికే గుండ్రాళ్ళు పొదిగిన ధ్యాన కుటీరాలు కనిపిస్తాయి. ఈ చోటుకు చౌరాసీ కుటియా, అంటే ఎనభై నాలుగు కుటీరాలు, అన్న పేరు వీటివల్లే వచ్చింది. వాటిలో ఒకదాని ముందు నిలబడి గైడు ‘ఇమాజిన్’ ఇక్కడే రాశారన్నాడు. అది 1971 నాటి పాట, అప్పటికి బీటిల్స్ విడిపోయారు కూడా. తర్వాత ‘యస్టర్‌డే’ కూడా ఇక్కడే అన్నాడు. అది 1965లోనే వచ్చేసింది. అదే మాట చెబితే, “అప్పుడు మీరున్నారా సార్ ఇక్కడ?” అని ఎదురడిగాడు. మా ఆవిడ, బావమరిది పగలబడి నవ్వారు. ‘జై గురుదేవ’ అని వచ్చే ‘అక్రాస్ ది యూనివర్స్’ గురించి కూడా వాదన అయింది. దాన్ని ఇక్కడికి రాకముందే, అదే ఫిబ్రవరి మొదట్లో, లండన్‌లో రికార్డు చేశారు. ఆఖరికి 500 చేతిలో పెట్టి ఇక మేమే చూసుకుంటామని పంపేశాను. గైడు లేకుండా తిరగడమే మేలు. లోపల ఫొటోల గ్యాలరీ ఉంది, అది చాలు. 1968లో అక్కడే ఉండి ఆ ఫొటోలు తీసింది కెనడావాడు పాల్ సాల్ట్జ్‌మన్.

ఆశ్రమం చాలా ఏళ్ళు పాడుబడి ఉంది. 2015 డిసెంబరులో జనాన్ని అధికారికంగా రానివ్వడం మొదలుపెట్టారు. పెద్దగా బాగు చెయ్యలేదు, చెయ్యకపోవడమే మంచిదైంది అంటాను. పెచ్చులూడిన గోడలు, గదుల్లోకి చొచ్చుకొచ్చిన మర్రి వేర్లు, పెద్ద హాల్లో గోడలనిండా ఎవరెవరో వేసిన బొమ్మలు. నా లాడ్జి గోడమీదున్నవాళ్ళకంటే ఇక్కడి నలుగురూ నలుగురిలా ఉన్నారు. పాటలు ఫోన్లో ముందే దించుకుని వెళ్ళండి, నాకు లోపల సిగ్నల్ అంతంతమాత్రంగానే వచ్చింది.

‘డియర్ ప్రూడెన్స్’ అక్కడ వినాల్సిన పాట. ప్రూడెన్స్ అంటే నటి మియా ఫారో చెల్లెలు. ధ్యానంలో పడి గది తలుపు తీయడం మానేస్తే, ఆమెను బయటికి రప్పించే బాధ్యత జాన్, జార్జ్ మీద పడింది. మా హాస్టల్లో పక్క రూము కాకినాడవాడు థర్డ్ ఇయర్లో మూడు సబ్జెక్టులు పోయి మెస్సుకు కూడా రాకుండా తలుపేసుకున్నాడు. టేప్‌రికార్డరు వాడి గుమ్మంలో పెట్టి ఈ పాట వేశాం. అది అయిపోగానే వెనక్కి తిప్పి మళ్ళీ. నాలుగోసారికి తలుపు తీసి “ఆపండ్రా బాబూ, వస్తున్నా” అని కంచం పట్టుకొచ్చాడు. ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. అక్కడి నుంచే వీడియో కాల్ చేద్దామని చూశాను, కలవలేదు.

‘జూలియా’ సంగతి వేరు. గిటారు తీగల్ని వేళ్ళతో మీటే పద్ధతి గాయకుడు డోనొవన్ దగ్గర ఈ ఆశ్రమంలోనే నేర్చుకుని, దాంతో చనిపోయిన తల్లి మీద జాన్ కట్టిన పాట. అతనికి పదిహేడేళ్ళప్పుడు ఆమె కారు కింద పడి పోయింది. బీటిల్స్ రికార్డులు మొత్తంలో జాన్ ఒక్కడే ఉన్న పాట ఇదే. మా అమ్మ పోయాక చాలాకాలం దీన్ని వినలేకపోయాను. మహర్షి బంగళా దాటాక కిందికి గంగ కనిపించే చోట గట్టుమీద కూర్చుని విన్నాను. మా ఆవిడ ఏమీ అడగలేదు. వాటర్ బాటిల్ నా పక్కన పెట్టి తమ్ముణ్ణి తీసుకుని వంటశాల వైపు వెళ్ళింది.

రింగో కథ చెప్పాక ఆవిడ మూడ్ పూర్తిగా మారిపోయింది. చిన్నప్పటి జబ్బుల వల్ల రింగో కడుపు సున్నితం. ఇక్కడి తిండి పడదేమోనని లండన్ నుంచి బేక్డ్ బీన్స్ డబ్బాలు తెచ్చుకున్నాడు. అతని భార్య మౌరీన్‌కు ఈగలంటే, పురుగులంటే అస్సలు పడదు. పది పన్నెండు రోజుల్లో ఇద్దరూ సర్దేసుకున్నారు. “నలుగురిలో బుద్ధున్నవాడు ఆయనే,” అంది మా ఆవిడ. “మనం కూడా ఆ లాడ్జి ఖాళీ చేద్దాం.” ఆ ట్రిప్పు అయ్యేదాకా ఆవిడ రింగో పార్టీ.

‘ఓబ్లాడీ ఓబ్లాడా’ బావమరిదికి కూడా తెలుసు. అప్పట్లో కింద ఊళ్ళోకి టూరింగ్ సినిమా వస్తే, వీళ్ళంతా సాయంత్రం అడవిదారిన దిగి వెళ్ళారట. దారంతా పాల్ గిటారు మీద ఇదే పాట. మేం కూడా పాడుకుంటూ దిగాం. కోతులు వెంటపడ్డాయి. ఇక్కడి కోతుల్ని చూసి పాల్ రాసిన పాట కూడా ఒకటుంది. అదేమిటో మా ఆవిడకు చెప్పలేదు.

ఆకలికి ప్రాణం పోతుంటే స్వర్గాశ్రమం బజారు వెనక సందులో, నాలుగు బెంచీలున్న చోట కూర్చున్నాం. ఒక ముసలి దంపతులు నడుపుతున్నారు. బోర్డు లేదు. మండువా రొట్టెలు, అంటే మన రాగి రొట్టెలే, వేడివేడిగా నెయ్యి రాసి పెట్టారు. జఖియా గింజలతో తిరగమోత పెట్టిన బంగాళాదుంప వేపుడు. తర్వాత గహత్ పప్పు. మొదటి ముద్దకే మా ఆవిడ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఉలవలు! ఆవిడది గుంటూరు, ఉలవచారు మీద పేచీ పెట్టుకోగల మనిషి. గిన్నె నాకి మరీ రెండోసారి పోయించుకుంది. వెన్న వెయ్యరా అని హిందీలో అడగడానికి తంటాలు పడింది. వాళ్ళు వెయ్యరు, కానీ పెద్దావిడ ఇంకో చెంచా నెయ్యి వేసింది. బావమరిది బ్యాగులోంచి గోంగూర పచ్చడి తీస్తే పెద్దాయన కూడా రుచి చూశాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బాగుందన్నాడు. ముగ్గురికీ కలిపి 330 రూపాయలు. అదే తపోవన్ కేఫ్‌లో పాస్తా, కాఫీలు కలిపి 1,140 అయ్యాయి, పాస్తా ముద్దకట్టింది.

సాయంత్రానికి లాడ్జి ఖాళీ చేసి స్వర్గాశ్రమం వైపు ఒక ధర్మశాలకు మారాం. గది 900. గోడమీద బొమ్మల్లేవు, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు, రాత్రి పదికి గేటు వేసేస్తారు. కిటికీ తెరిస్తే మాత్రం ఎదురుగా గంగ, మెడ తిప్పక్కర్లేదు. ఉండేదైతే ఈ వైపే ఉండండి. ఇటు ఎక్కువగా నడకే కాబట్టి ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. పెద్దవాళ్ళుంటే రామ్ ఝూలా రద్దీలో పడకుండా 2020లో తెరిచిన జానకీ సేతు మీద రండి. ఊళ్ళో టీటీడీ వాళ్ళ ఆంధ్రా ఆశ్రమం కూడా ఉంది. అక్కడ వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకున్నాకే మా ఆవిడ నా పాటలవాళ్ళను పూర్తిగా క్షమించింది.

వెళ్ళిపోయేటప్పుడు మహర్షి మీద కోపంతో జాన్ ఒక పాట కట్టాడు. మొదట అందులో మహర్షి పేరే ఉండేది, జార్జ్ చెబితే ‘సెక్సీ సేడీ’ అని మార్చాడు. జాన్‌కు పాట రాయడం వచ్చు, నాకు రివ్యూ రాయడం వచ్చు. బాత్రూం కిటికీ ఫొటోతో సహా పెట్టాను. బుకింగ్ యాప్ వాళ్ళు రెండో రాత్రి డబ్బు 2,800 వెనక్కి వేశారు. పరుపు, హీటరు తాలూకు 900 రాలేదు. నా రివ్యూ కింద ఓనరు జవాబు ఇంకా అలాగే ఉంది: ‘టెర్రస్ నుంచి వ్యూ ఉంది సార్.’