కాలింపాంగ్‌లో రంగేసిన మొక్కకు 350 రూపాయలు

పశ్చిమ బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, జీపులు ఆగే చోట రోడ్డు పక్కన పెట్టి అమ్మే సక్యులెంట్ (దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క) కుండీల జోలికి పోకండి. నీలం, వంకాయ రంగు, బంగారు రంగు ఎచెవేరియా రకం మొక్కలు గులాబీ పువ్వుల్లా విచ్చుకుని ఉంటాయి, చూస్తే అడుగు ముందుకు పడదు. ఒక్కోటి 350. బేరమాడితే అమ్మేవాడు "కొనేవాళ్లు కొంటారు, మీరు వెళ్లండి" అని మొహం తిప్పేసుకున్నాడు. చివరికి ఆ రేటుకే రెండు తీసుకున్నాం.

రూముకొచ్చి కుండీలో రాళ్లు సర్దబోతే ఒక్కటీ కదల్లేదు. జిగురు పోసి అతికించేశారు! హెయిర్‌పిన్‌తో పెకలిస్తే కింద మట్టంతా బురద, మొదలు దగ్గరి ఆకులు మెత్తబడిపోయి ఉన్నాయి. ఆకు మీద గోటితో గీకితే నీలం పొర లేచొచ్చింది, కింద మామూలు ఆకుపచ్చే. నడిమధ్య కొత్తగా వస్తున్న చిట్టి ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కొనేముందు చూడాల్సింది అక్కడే. రంగు కొట్టిన ఆకుకి వెలుతురు సరిగా అందక మొక్క నీరసించిపోతుంది. "700 పెట్టి పెయింటింగ్ కొన్నాం" అని మావారు ఆ సాయంత్రమంతా దెప్పుతూనే ఉన్నారు.

మర్నాడు డెలో కొండ, దుర్పిన్ బౌద్ధ మఠం చూశాం, బావున్నాయి. హోమ్‌స్టే ఇద్దరికీ టిఫిన్‌తో కలిపి రోజుకు 1,800, వేడినీళ్లకు ఢోకా లేదు.

నిజమైన బేరం ఊరి బయట ఒక చిన్న నర్సరీలో దొరికింది. అక్కడి పెద్దాయన ముందే డబ్బుల మాట ఎత్తలేదు, "మీ ఊళ్లో వేసవి రాత్రులు ఎలా ఉంటాయి?" అని హిందీలో అడిగారు. విజయవాడ అనగానే నా చేతిలోని ఎర్రంచు ఎచెవేరియా తీసేసుకుని మళ్లీ వరసలో పెట్టేశారు. ఇవి ఎక్కువగా మెక్సికో కొండల మొక్కలట. పగలు మంచి ఎండ, రాత్రి చలి రెండూ ఉంటే బాగా రంగు తిరుగుతాయి. ఉక్కపోతలో వేళ్లు కుళ్లుతాయి, ఇంట్లో చీకటి మూల పెడితే కాడ సాగి వెలిసిపోతాయి. వాటి బదులు ఎండకు ఓర్చుకునే గ్రాప్టోపెటలమ్ 60కి, కిటికీ దగ్గర పెట్టుకోవడానికి హవార్తియా 80కి ఇచ్చారు. గ్రాప్టోపెటలమ్ ఆకుల మీది తెల్లటి పొడిని ముట్టుకోవద్దన్నారు, ఒకసారి పోతే ఆ ఆకుకి మళ్లీ రాదు. ఆయన కూడా కుండీ అంచు పట్టుకునే తీశారు. మావారైతే నోరెత్తకుండా ఇంకో హవార్తియా తీసుకున్నారు.

మట్టంతా దులిపి, ఉత్త వేళ్లతో పాత పేపర్లో చుట్టి ఇచ్చారు. ఇంటికొచ్చాక గుల్లగా ఉండే మట్టిలో నాటి, కొన్నాళ్లు ఆగి నీళ్లు పోయాలి. మీరు వెళ్తే మొక్కలు పెట్టుకోవడానికి ఖాళీ చెప్పుల పెట్టె ఒకటి పట్టుకెళ్లండి. వానాకాలంలో మాత్రం వద్దు. కొండచరియలు పడి తీస్తా నది పక్క రోడ్డు మూసుకుపోతుంటుంది, పైగా తడి మొక్కలు పెట్టెలోనే కుళ్లిపోతాయి.