జిమ్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ పెప్టైడ్ సీసాలు కొనకండి

నిన్న మళ్లీ మా భీమవరం జిమ్ వాట్సాప్ గ్రూపులో అదే ఫొటో పడింది. పెప్టైడ్‌లు, అంటే ప్రోటీన్ తునకల్లాంటి సూదిమందులు ఉన్న నీలం మూతల చిన్న గాజు సీసాలు వరసగా పెట్టి, "ఇది గ్రోత్ హార్మోన్ కాదు బ్రో, మన ఒంట్లోనే దాన్ని పుట్టిస్తుంది, సైడ్ ఎఫెక్ట్స్ సున్నా" అని. ఏప్రిల్‌లో నేను పడిపోయింది సరిగ్గా ఈ మాటకే. పదకొండున్నర వేలు పోయాయి, డబ్బు సంగతి అలా ఉంచండి.

నాకు నలభై దాటాయి. ఉండి దగ్గర రొయ్యల చెరువులు, రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా, పొట్ట ఎప్పుడు పెరిగిందో నాకే తెలీదు. కోచ్ చెప్పాడని ఆ రకం పెప్టైడ్‌లే రెండు, సీజేసీ-1295, ఇపామోరెలిన్ కాంబో తెప్పించాను. కొరియర్ కుర్రాడు మిట్టమధ్యాహ్నం బండి మీద మామూలు అట్టపెట్టెలో తెచ్చిచ్చాడు, లోపల ఐసు ముక్క కూడా లేదు. లేబుల్ మీద తయారుచేసినవాడి పేరు, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఏవీ లేవు. అడుగున మాత్రం చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని ఉంది. అది నేను చదివింది ఆరో వారంలో! హేచరీ నుంచి తెచ్చిన రొయ్యపిల్లల్ని జబ్బులున్నాయేమోనని పీసీఆర్ టెస్ట్ చేయించకుండా చెరువులో వదలనివాణ్ణి, ఊరూపేరూ లేని పొడిలో నీళ్లు కలిపి నా పొట్టలో నేనే పొడుచుకున్నాను.

మొదట్లో నిద్ర బాగా పట్టింది, అబద్ధం ఎందుకు. తర్వాత చేతులు ఉబ్బడం మొదలైంది, పెళ్లినాటి ఉంగరం సబ్బు నురగ రాసి లాగినా రాక కంసాలి దగ్గర కోయించాం. పొద్దున్నే బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి బండి క్లచ్ పట్టుకున్నట్టే తెలిసేది కాదు. పరగడుపు షుగర్ 94 ఉండేది 121 అయింది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుందట, మణికట్టులో నరం నొక్కుకుంటుందట, ఇన్సులిన్ సరిగా పనిచేయదట. "మీ సీసాలో అసలు ఏముందో మాత్రం నేనూ చెప్పలేనండి" అన్నారు డాక్టరుగారు.

ఈ జాతి మందులన్నీ బోగస్ అనట్లేదు. ఇదే జాతి టెసామోరెలిన్‌కి 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, కానీ అది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి పొట్టలో పేరుకునే కొవ్వు కోసం, నాలాంటి చెరువుగట్టు పొట్టలకి కాదు. ఇపామోరెలిన్‌ని ఆపరేషన్ తర్వాత పేగులు త్వరగా కదులుతాయేమోనని పరీక్షించారు, పెద్దగా ఉపయోగం కనబడలేదు. వీటితో పాటు అంటగడుతున్న ఎంకే-677 మాత్ర అసలు పెప్టైడే కాదు. దాన్ని పెద్దవయసువాళ్లలో పరీక్షిస్తే కండ కాస్త పెరిగిందిగానీ బలం పెరగలేదు, షుగర్ పెరిగింది. తుంటి ఎముక విరిగినవాళ్ల మీద చేసిన ఇంకో ట్రయల్‌నైతే గుండె వైఫల్యం భయంతో మధ్యలోనే ఆపేశారు. పోటీలకు వెళ్లే తమ్ముళ్లకు ఇంకో మాట, ఇవన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (WADA) నిషేధించినవే, పోటీ లేని రోజుల్లో వాడినా తప్పే.

డబ్బు తిరిగివ్వమంటే అమ్మినవాడు పంపిన వాయిస్ మెసేజ్ ఏంటో తెలుసా, "లేబుల్ మీద రాసే ఉందిగా అన్నా, మనుషులకు కాదని". ఆ తర్వాత బ్లాక్ చేశాడు.

మానేశాక నెలన్నరకి వాపు తీసింది, తిమ్మిరి ఇంకా అప్పుడప్పుడూ వస్తోంది. మీలో ఎవరైనా ఇప్పటికే కొని ఫ్రిజ్‌లో పెట్టుంటే, ఇంకో సూది వేసుకునే ముందు సీసా తిప్పి బ్యాచ్ నంబర్ ఉందేమో చూసి కింద రాయండి.