ఫిగర్ స్కేటింగ్ కోసం జపాన్ ట్రిప్: టోక్యో, సెండాయ్, నగోయాల్లో ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

జపాన్ అంటే అందరూ చెర్రీ పూలు, ఫుజీ కొండ అంటారు. మేం 2024 నవంబర్‌లో వెళ్ళింది మాత్రం ఫిగర్ స్కేటింగ్ చూడ్డానికి. మా ఆవిడ జపాన్ స్కేటర్ హాన్యూ యుజురుకి వీరాభిమాని. నాకు పెద్ద ఇంట్రెస్ట్ లేదు గానీ ఒక్క డౌట్ మాత్రం ఉండేది, ఈ దేశంలోనే ఈ ఆటకి ఇంత పిచ్చి ఎందుకు, ఇన్ని మెడల్స్ ఎలా వస్తున్నాయి అని. తిరిగొచ్చాక నా లెక్క ఏంటంటే, దానికి జవాబు పెద్ద స్టేడియాల్లో దొరకదు, నగోయాలో ఒక బజారు పక్కన ఉన్న పాత ఐస్ రింక్‌లో (స్కేటింగ్ చేసే మంచు హాల్‌లో) దొరుకుతుంది.

ముందు టోక్యో. ఎన్‌హెచ్‌కే ట్రోఫీ అని జపాన్‌లో ప్రతి ఏటా జరిగే అంతర్జాతీయ స్కేటింగ్ పోటీ ఆ ఏడాది యొయొగి జిమ్నేషియంలో జరిగింది, 1964 ఒలింపిక్స్‌కి ఆర్కిటెక్ట్ కెన్జో టాంగే కట్టిన బిల్డింగ్, హరజుకు స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. టికెట్లు మాత్రం తలనొప్పి. డబ్బులున్నంత మాత్రాన దొరికేవి కావు, చాలావరకు లాటరీలో తీస్తారు, అప్లై చేసుకుని పేరు వచ్చిందో లేదో చూసుకోవాలి, పైగా చాలా సైట్లు జపాన్ ఫోన్ నంబర్ అడుగుతాయి. అక్కడ ఉద్యోగం చేసే ఫ్రెండ్ ఒకతను పెట్టాడు కాబట్టి మాకు వచ్చింది, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నెలల ముందే మొహమాటపడకుండా అడిగేయండి. మా సీట్లు పైన, మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే మాత్రం ఆలోచించుకోవాలి. లోపల చలి. బయట నవంబర్ ఎండ హాయిగా ఉంది కదా అని స్వెటర్ రూమ్‌లో వదిలేయకండి. తిండి విషయంలో శాకాహారులకి ఏమీ ఆశ లేదు, కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమెబోషి ఒనిగిరి (ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద) కొనుక్కుని వెళ్ళడమే బెస్ట్.

కానీ ఆ జనం! నూటికి ఎనభై మంది ఆడవాళ్ళే అనిపించింది, అందులోనూ యాభై, అరవై దాటినవాళ్ళు బోలెడుమంది, ఒళ్ళో దుప్పటి, మెళ్ళో బైనాక్యులర్, రెయిలింగ్ పొడుగునా చేత్తో కుట్టిన బ్యానర్లు. ఒక్క జపాన్ వాళ్ళకే కాదు, వేరే దేశం పిల్ల జంప్ చేసి కింద పడినా లేచేదాకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. సకమోటో కవోరి ఫస్ట్, చిబా మొనె సెకండ్, అవొకి యునా థర్డ్, ఆడవాళ్ళ సింగిల్స్‌లో పోడియం మొత్తం వాళ్ళదే, మగవాళ్ళలో కగియమా యుమా. అయినా నా పక్కన కూర్చున్న పెద్దావిడ బ్యాగ్‌లో మూడు నాలుగు దేశాల జెండాలు ఉన్నాయి, ఎవరు వస్తే వాళ్ళ జెండా తీసి ఊపుతోంది.

ఈ అలవాటు ఎప్పటిదా అని చూస్తే 1972 దాకా వెళ్తుంది. సప్పొరో ఒలింపిక్స్‌లో జానెట్ లిన్ అనే అమెరికన్ అమ్మాయి స్పిన్‌లో కూలబడిపోయి నవ్వుతూ లేచింది, ఆమెకి వచ్చింది బ్రాంజే, కానీ దేశం మొత్తం టీవీలో చూసి ఆమెకి అభిమానులైపోయారు. తర్వాత 1979 నుంచి ఎన్‌హెచ్‌కే ట్రోఫీ ప్రతి ఏటా టీవీలో ఇంట్లోకే వచ్చేసింది. డిసెంబర్ చివర్లో జాతీయ పోటీలు కూడా టీవీలో పెద్ద ప్రోగ్రామే. మనవైపు హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యమ చక్రాల మీద ఇలాంటి విద్యే చేసి 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో రెండు బ్రాంజ్‌లు తెచ్చాడు, మనలో ఎంతమంది టీవీలో చూశాం చెప్పండి.

టోక్యోలో మేం నిషి కసాయ్‌లో ఉన్నాం, మన ఇండియన్స్ ఎక్కువ ఉండే ఏరియా, పప్పు, పెరుగు, చింతపండు అన్నీ దొరుకుతాయి, తోజాయ్ లైన్ ఎక్కితే సిటీలోకి సులువు. సిటీ మధ్యలో రేట్లతో పోలిస్తే చవక కూడా. రూమ్ మాత్రం ఎంత చిన్నదంటే రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం. అందుకే పెద్ద సూట్‌కేస్‌ని కొరియర్‌లో టోక్యో నుంచి నేరుగా నగోయా హోటల్‌కి పంపించేశాం, మర్నాడే చేరిపోయింది, జపాన్‌లో నాకు నచ్చిన సర్వీసుల్లో ఇదే నంబర్ వన్.

సెండాయ్‌కి షింకన్‌సెన్‌లో (బుల్లెట్ ట్రైన్‌లో) గంటన్నర. హాన్యూ సొంతూరు చూడాలని వెళ్ళే ఫ్యాన్స్‌కి ఇది తీర్థయాత్రే, మిగతావాళ్ళకి ఒక పూట చాలు. కొకుసాయ్ సెంటర్ సబ్‌వే స్టేషన్ బయటే 2006లో ట్యూరిన్ ఒలింపిక్స్ గోల్డ్ కొట్టిన అరకవ షిజుకకి, 2014, 2018 రెండుసార్లూ గోల్డ్ కొట్టిన హాన్యూకి స్మారక ఫలకాలు ఉన్నాయి, అక్కడ ఫోటోకి క్యూ, క్యూలో ఒకరి ఫోన్ ఒకరు తీసుకుని ఫోటోలు తీసిపెట్టుకుంటున్నారు. అక్కడికి దగ్గర్లోనే గొషికినుమ అని పాత కోట కందకంలో మిగిలిన చిన్న కుంట ఉంది, జపాన్‌లో ఫిగర్ స్కేటింగ్ పుట్టింది ఇక్కడే అని గుర్తు పెట్టారు, 1900ల మొదట్లో చదువుకునే కుర్రాళ్ళు ఒక విదేశీ మాస్టారి దగ్గర గడ్డకట్టిన ఈ నీళ్ళ మీద నేర్చుకున్నారట. చూడ్డానికి ఏమీ ఉండదు, నిజం చెప్తున్నా, ఆకులు తేలే నీళ్ళు అంతే.

నాకు అక్కడ పట్టుకున్నది వేరే విషయం. హాన్యూ చిన్నప్పుడు నేర్చుకున్న ఊరి రింక్ డబ్బుల్లేక 2004లో మూతపడింది, అరకవ గోల్డ్ తెచ్చాక 2007లో మళ్ళీ తెరిచారు. 2011 మార్చి 11 భూకంపం వచ్చినప్పుడు హాన్యూ ఆ ఐస్ మీదే ఉన్నాడు, స్కేట్స్ విప్పకుండానే బయటికి పరిగెత్తాడు. ఆ కుర్రాడే మూడేళ్ళకి ఒలింపిక్ గోల్డ్ తెస్తే ఆ ఊళ్ళో దాన్ని ఉత్త ఆటలాగా ఎవరు చూస్తారు? 2018 పరేడ్‌కి లక్షమందికి పైగా వచ్చారు.

సెండాయ్‌లో హోటల్ మాత్రం దెబ్బేసింది. ఆ వీకెండ్ ఊళ్ళో ఏదో కాన్సర్ట్ ఉందని రేట్లు రెట్టింపయ్యాయి, నో స్మోకింగ్ అని బుక్ చేస్తే రూమంతా సిగరెట్ కంపు, మార్చమంటే వంగి వంగి సారీ చెప్పారు గానీ మార్చలేదు. తిండికి ఆ ఊరు ఎద్దు నాలుకకి ఫేమస్, మాకు కుదరదు, అందుకని జుండా మోచి మీద పడ్డాం, పచ్చి సోయా గింజలు ఉడికించి నూరి చక్కెర కలిపి మోచి (బియ్యంతో చేసే మెత్తటి ముద్ద) మీద పూస్తారు, స్టేషన్‌లోనే దొరుకుతుంది, చాలా బాగుంది.

ఇక నగోయా. ఓసు కన్నోన్ గుడి, దాని చుట్టూ పాత బట్టలు, సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రానిక్స్ అమ్మే బజారు, ఆ పక్కనే 1953 నాటి రింక్. సబ్‌వే దిగి నడిచి వెళ్ళొచ్చు, అద్దెకి స్కేట్స్ ఇస్తారు, ఎవరైనా టికెట్ కొని దిగొచ్చు. లోపల పాత సినిమా హాల్ వాసన లాంటిది ఏదో ఉంది, హంగులేమీ లేవు. ఇతో మిదొరి ఇక్కడే పెరిగింది, పోటీల్లో ట్రిపుల్ యాక్సిల్ (గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్) వేసిన మొదటి మహిళ, 1989 వరల్డ్ ఛాంపియన్. పేరున్న స్కేటర్లు అసదా మావో, ఉనో షోమా కూడా ఈ నగోయా పిల్లలే. ఇతోకి నేర్పిన యమాదా మచికో అసదాకీ నేర్పింది, ఆవిడ శిష్యురాలు హిగుచి మిహొకో ఆవిడతో కలిసి ఉనోకి నేర్పింది. మనకి కూచిపూడి ఊరు ఎలాగో స్కేటింగ్‌కి నగోయా అలాగ, విద్య చేతుల మీదుగా దిగుతోంది.

మేం వెళ్ళినప్పుడు ఐస్ నిండా మామూలు జనం, గోడ పట్టుకుని నడిచే నాన్నలు, మధ్యలో ఎనిమిదేళ్ళ పాప ఒకత్తి ఒకే జంప్ మీద పడుతూ లేస్తూ ఉంది, వాళ్ళమ్మ గ్లాస్ బయట నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటోంది. క్లబ్ పిల్లలకి అసలు ప్రాక్టీస్ పబ్లిక్ టైమ్‌కి ముందు తెల్లారుజామునో, మూశాక రాత్రో. ఇలాంటి పిల్లల్లోంచి జపాన్ స్కేటింగ్ ఫెడరేషన్ వాళ్ళు 1992 నుంచి నొబెయమా అనే చోట క్యాంప్ పెట్టి చిన్నప్పుడే ఏరుకుంటున్నారు, హాన్యూ, అసదా ఆ క్యాంపు నుంచి వచ్చినవాళ్ళే. అంటే బజారులో రింక్, దాంట్లో గురువు, పైన ఏరుకునే క్యాంప్, ఇంట్లో టీవీ. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా సరిపోయేది కాదేమో.

నగోయాలో స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్‌లో ఉన్నాం, రూమ్ చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, కింద కాయిన్ లాండ్రీ ఉంది. బ్రేక్‌ఫాస్ట్ తీసుకోకండి, వీధిలో ఏ కాఫీ షాప్‌కి వెళ్ళినా పొద్దున కాఫీ చెప్తే టోస్టు, ఉడకబెట్టిన గుడ్డు దాంతోపాటే వచ్చేస్తాయి.

నగానోలో 1998 ఒలింపిక్స్ స్కేటింగ్ జరిగిన వైట్ రింగ్ స్టేడియం ఉంది, మేం వెళ్ళలేదు, కేవలం దానికోసం అయితే అక్కర్లేదు. కోబెలో యుజురుహా గుడి పేరు హాన్యూ పేరులా ఉందని ఫ్యాన్స్ మొక్కులు రాసి కడతారు, మా ఆవిడకి వెళ్ళి తీరాలి, వెళ్ళాం, ఆవిడ కట్టింది, నేను పక్కన బెంచీ మీద కూర్చున్నా.

రైళ్ళ విషయం ఒకటి. టూరిస్టులకి ఇచ్చే ఏడు రోజుల జేఆర్ రైలు పాస్ మేం వెళ్ళిన 2024లో 50,000 యెన్‌లు. టోక్యో నుంచి సెండాయ్‌కి, నగోయాకి విడివిడిగా వెళ్ళొస్తే కూడా అప్పుడు అంత కాలేదు, పైగా పాస్‌తో నొజోమి (నగోయా వైపు వెళ్ళే అన్నిటికన్నా ఫాస్ట్ షింకన్‌సెన్) ఎక్కాలంటే ఎక్స్‌ట్రా కట్టాలి, కాబట్టి విడి టికెట్లే కొనండి. ఉన్నది ఒక్క రోజే అయితే సెండాయ్ వదిలేసి నగోయా వెళ్ళండి, పిల్లలుంటే అద్దె స్కేట్స్ వేయించి దింపండి, గ్లవ్స్ మాత్రం ఇక్కడినుంచే పట్టుకెళ్ళండి.