నెత్తికి స్టెరాయిడ్ లోషన్: నాలుగేళ్ళు, తొమ్మిది సీసాలు

నేను డాక్టర్ని కాదు. మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నా, నెత్తిమీద సోరియాసిస్ (చర్మం పెచ్చులు కట్టే జబ్బు) ఉంది. దానికి క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ లోషన్ (0.05 శాతం) నాలుగేళ్ళుగా వాడుతున్నా. మొత్తం తొమ్మిది సీసాలు. అందులో ఐదు మొదటి ఐదు నెలల్లోనే ఖాళీ చేశా.

మొదట చుండ్రనే అనుకున్నా. నల్లచొక్కాలు మానేశా, షాంపూలు మార్చా, ట్యాంకర్ నీళ్ళని తిట్టా (ఇప్పటికీ తిడతాననుకోండి). కానీ చుండ్రయితే పొట్టు రాలుతుంది. నాకు చెవుల వెనక, మెడ పైన వెండిరంగు పెచ్చులు కట్టేవి, గోటితో లాగితే చుక్కలు చుక్కలుగా నెత్తురొచ్చేది. డాక్టరమ్మ చూడగానే సోరియాసిస్ అన్నారు. రోజుకొకసారి, రెండు వారాలు రాసి, మళ్ళీ వచ్చి కనబడమన్నారు.

మూడో రోజుకే దురద పోయింది. పదో రోజుకి చెయ్యి పెడితే నున్నగా తగిలింది. ఇంత బాగా పనిచేసేదాన్ని ఆపమంటే ఎవరాపుతారు? కనబడమన్న రోజు ఆఫీసులో రిలీజు, పోలేదు. పాత చీటీతోనే మెడికల్ షాపులో మళ్ళీ కొన్నా. మూడోసారి చీటీ కూడా అడగలేదు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని చీటీ మీదే అమ్మాలని కేంద్రం 2018లోనే నిబంధన పెట్టింది. కౌంటర్ దగ్గర అది ఎవరికీ గుర్తున్నట్టు లేదు, నాతో సహా.

ఐదో నెలకి నుదుటి అంచున దారాల్లాంటి ఎర్ర నరాలు తేలాయి. మెడ మీద చీము పొక్కులు. భయపడి ఒక్కసారిగా ఆపేశా. రెండు వారాల్లో జబ్బు మొదటికన్నా ఎక్కువగా తిరగబెట్టింది. ఊరి నుంచి వచ్చిన అమ్మ దిండు గలీబు మీద నెత్తురు మరకలు చూసి, "ఏం చేసుకున్నావురా నెత్తిని?" అని కూర్చుండిపోయింది.

డాక్టరమ్మ తిట్టలేదు గానీ చాలాసేపు చెప్పారు. స్టెరాయిడ్లలో బలాన్ని బట్టి మెట్లుంటాయి, హైడ్రోకార్టిసోన్ అడుగు మెట్టు, క్లోబెటసాల్ పైమెట్టు. పైమెట్టు మందుకి వారానికి 50 గ్రాముల హద్దుంది. దాని దరిదాపుల్లోకి కూడా నేను పోలేదు, దాటింది రోజుల హద్దు. ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడుతుంది, నరాలు తేలతాయి. కంటి దగ్గర పదేపదే పడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు. నెత్తిమీద రాసింది నుదుటి మీదికి కారుతుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

అసలు రాయడమే తప్పుగా రాశాను. తలనూనెలా అరచేతిలో పోసుకుని జుట్టుకి పట్టించేవాణ్ణి. మందంతా వెంట్రుకలకే. ఇప్పుడు ముందురోజు రాత్రి టెంకాయ నూనె పట్టించి పెచ్చులు మెత్తబరుస్తా. పొద్దున సాలిసిలిక్ ఆసిడ్ షాంపూతో కడుగుతా, గోరు పెట్టను. పెచ్చు అలాగే ఉంటే మందు లోపలికి దిగదు. రాత్రి పొడిజుట్టుని దువ్వెనతో పాయలు తీసి, సీసా మూతిని చర్మానికే ఆనించి, మచ్చ ఉన్నచోట నాలుగు చుక్కలు. నుదుటికి అడ్డంగా తువ్వాలు, తర్వాత చేతులు కడుక్కోవడం. పగలు రాయను, ఎందుకంటే వెంటనే హెల్మెట్ పెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డులో గంటసేపు ఇరుక్కుంటే, మూతేసినట్టయి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. నా లోషన్లో ఆల్కహాల్ ఉంది, గీరుకున్నచోట భగ్గుమంటుంది. ఆరేదాకా పొయ్యి దగ్గరికి పోను.

మచ్చలు లేచినప్పుడు రెండు వారాలు రోజూ, తర్వాత రోజు మార్చి రోజు, ఆపైన శని ఆదివారాలే. ఇది నాకు రాసిచ్చిన పద్ధతి, మీ డాక్టరు వేరేలా చెప్పొచ్చు. మిగతా రోజుల్లో కాల్సిపోట్రియాల్ లోషన్, అది స్టెరాయిడ్ కాదు. తేడా తెలియడానికి నెలన్నర పట్టింది, మధ్యలో రెండుసార్లు విసిరేద్దామనిపించింది. వారానికి రెండుసార్లు కోల్‌తార్ షాంపూ. ఆ వాసనకి మా బావ, "ఏమప్పా, రోడ్డేసి వచ్చినావా?" అంటాడు.

రూమ్మేట్ ఒకసారి తొడమీద తామరకి నా సీసా అడిగాడు. ఇవ్వలేదు. ఫంగస్ మీద స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గి బాగైనట్టే ఉంటుంది, అడుగున తామర పాకుతూనే ఉంటుంది. వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

పనితనానికి వంక పెట్టలేను. నుదుటి మీద రెండు నరాలు మాత్రం అలాగే ఉండిపోయాయి, దగ్గరికొస్తే కనబడతాయి. ఇప్పుడు ప్రతి సీసా మీదా తెరిచిన తారీకు మార్కరుతో రాస్తున్నా. తొమ్మిదోది సంక్రాంతి మర్నాడు తెరిచా, ఇంకా సగముంది. కుడిచెవి వెనక మచ్చ ఒకటి దేనికీ లొంగట్లేదు. శుక్రవారం అపాయింట్‌మెంటుంది, ఈసారి రిలీజున్నా పోతా.