3,600కి దక్కని ఏరు, 500కి దక్కింది

పేరు రాయను గానీ, శ్రీకాకుళం జిల్లాలో ఒక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర రిసార్టువాళ్లు ‘ఫిషింగ్ ప్యాకేజీ’ పేరుతో మనిషికి 1,800 చొప్పున నా దగ్గర, బావ దగ్గర 3,600 గుంజారు. గది అద్దె 2,400 వేరే. లైఫ్ జాకెట్, గైడు, పడవ అన్నీ అందులోనే అని ఫోన్లో తియ్యగా చెప్పారు.

గాలం పిచ్చి బావది. ఉద్యోగం చండీగఢ్‌లో. సెలవు దొరికితే చాలు, కులు జిల్లాలో తీర్థన్ నదికి పోయి ట్రౌట్ పడతాడు. ఎర ఉండదు. దారం, ఈకలు చుట్టి కొక్కేనికి కట్టిన ఉత్తుత్తి ఈగను నీటి మీద వాలేలా విసరాలి. ఈగకి బరువుండదు కాబట్టి విసురు సాగేది లావుపాటి లైను బరువుతోనే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. అందుకే సంక్రాంతికి వస్తూ రాడ్డు మోసుకొచ్చాడు. మన ఏళ్లలో ట్రౌట్ బతకదని ఆయనకీ తెలుసు, అది చల్లనీళ్ల చేప. పరిగె పడినా చాలన్నాడు.

జాకెట్లు తెచ్చి ఇచ్చారు. ఒకదాని బకిల్ విరిగితే పురికొస కట్టారు. రెండోది నొక్కి చూస్తే లోపలి ఫోము పొడిపొడిగా రాలింది. పడవ రిపేరులో ఉందట. గైడంటే పొద్దున మాకు కాఫీలిచ్చిన కుర్రాడే. “ఈత వచ్చా తమ్ముడూ?” అని బావ అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మమ్మల్ని నిలబెట్టింది సరిగ్గా మొగలో, అదీ ఆటు మొదలైన వేళ. ఏటి నీరు, ఆటు నీరు కలిసి సముద్రంలోకి లాగేస్తున్నాయి. బావ చీలమండ దాకా దిగాడు, కాలి కింద ఇసుక జారిపోవడం చూసి గట్టెక్కేశాడు. డబ్బు వెనక్కి అడిగితే మేనేజరు జవాబు: “దిగకపోవడం మీ ఇష్టం సార్, సర్వీసు మేం ఇచ్చాం కదా.” అక్క అక్కడ ఏమీ అనలేదు. రాత్రి భోజనంలో మాత్రం పెరుగన్నం దాకా అదే పాట.

మర్నాడు గది ఖాళీ చేసి శ్రీముఖలింగం వెళ్లాం. దర్శనం ప్రశాంతంగా అయింది. అక్క, పిల్లలు గుళ్లో ఉండిపోతే మేం వంశధార గట్టుకి వెళ్లాం.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన బావ వేసుకున్న వేడర్స్ చూసి పని ఆపేశాడు. ఛాతీ దాకా ఉండే రబ్బరు ప్యాంటు అది. “ఏటి బాబూ, ఆ సంచీలో దిగి పడిపోతే నీళ్లు నిండిపోవేటి?” అన్నాడు. “నడుముకి బెల్టు బిగిస్తే నిండవు బాబాయ్” అని బావ చూపించాడు. ఆయనకి నచ్చలేదు. అసలు మంచు నీళ్లకి పనికొచ్చేది మన ఎండకి ఎందుకు? విప్పించి, లుంగీ ఎగ్గట్టించి, చేతికి వెదురు గెడ ఇచ్చాడు.

కొండ ఏళ్లలో పాచి పట్టిన రాళ్ల మీద కాలు జారుతుంది. అందుకే బావ ప్రవాహానికి పక్కవాటుగా నిలబడి, ఒక కాలు కుదిరాకే రెండోది జరుపుతాడు. ఇక్కడ రాయి లేదు, భయమంతా ఇసుక తవ్విన గోతులదే. మోకాలి లోతులో నడుస్తుండగానే మనిషి మునిగే గొయ్యి వస్తుంది. పెద్దాయన అడుగడుక్కీ గెడ ముందు గుచ్చి చూశాకే కాలు వేయనిచ్చాడు. నీరు కదలకుండా, ముదురు పచ్చగా కనిపించిన చోటికి “ఎల్లకు” అని ఒకటే మాట. నీటి అంచున ఒక పుల్ల కూడా పాతాడు. పైన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే ఇక్కడ చినుకు పడకపోయినా నీరు పెరుగుతుంది. పుల్ల తడిస్తే వెంటనే గట్టెక్కాలి.

మధ్యాహ్నానికి నాలుగు వేళ్లంత పరిగె ఒకటి ఈగని కరిచింది. బావ దానికి ఎన్ని ఫొటోలు తీశాడో! తీసి వదిలేస్తే పెద్దాయన నొచ్చుకున్నాడు. ఆయన ఏమీ అడగలేదు, మేమే 500 ఇచ్చాం.

నరసన్నపేటలో చేపల పులుసు భోజనం 130. పులుసు ముందురోజుదట, ముక్కకి పులుపు బాగా పట్టింది. అక్క రెండోసారి వేయించుకుంది, దాంతో ఇంట్లో శాంతి.

వెళ్లేవాళ్లు మొగ దగ్గర దిగొద్దు, ఎవరు ఏ ప్యాకేజీ చెప్పినా. బస శ్రీకాకుళం టౌన్లో చూసుకోండి, 1,400కి వేడినీళ్లున్న గది దొరికింది. నీరు తగ్గి తేటగా ఉండే జనవరి, ఫిబ్రవరి మంచిది. వానాకాలంలో ఒడిశాలో కురిసిందంతా ఇటే వస్తుంది, అప్పుడు గట్టు మీద కూర్చుని చూడటమే. నరసన్నపేట నుంచి శ్రీముఖలింగానికి ఆటో రానుపోను 900 అడిగి 700కి వచ్చాడు, వెయిటింగుకి ఇంకో వంద.