సీ స్ట్రక్చర్‌ని అసెంబ్లీ చదవాలంటే: ఆఫ్‌సెట్లు చేత్తో రాయాలా, కంపైలర్‌ని అడగాలా?

పలాసలో జీడిపప్పు ఆరబెట్టే గదికి వేడి, తేమ చూసే ఓ చిన్న బోర్డు చేస్తున్నారనుకోండి. ప్రోగ్రామంతా సీలోనే, ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ప్రాసెసర్ వెంటనే చూడాల్సిన పిలుపు) దగ్గర కొన్ని లైన్లు మాత్రం అసెంబ్లీ, రెండూ ఒకే స్ట్రక్చర్‌ని, అంటే కొన్ని విలువల్ని వరసగా కట్టిన ఒకే మూటని వాడాలి. అందులో ముందు ఒక బైటు స్థితి, తర్వాత 4 బైట్ల ఉష్ణోగ్రత, చివర 2 బైట్ల తేమ. సీలో పేరు పెట్టి పిలిస్తే చాలు. అసెంబ్లీకి మాత్రం మొదటి అడ్రస్ నుంచి ఎన్ని బైట్ల దూరమో అంకె చెప్పాలి, దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. ఆ అంకె ఎవరు చెప్పాలన్నదే గొడవంతా.

చాలామంది చేత్తో రాసేస్తారు. ఒకటి, నాలుగు, రెండు, కలిపితే ఏడు అనుకుంటే అక్కడే దెబ్బ. ఏఆర్‌ఎమ్‌ రకం ప్రాసెసర్లలో 4 బైట్ల విలువ 4తో భాగించగలిగే అడ్రస్‌లో ఉండాలి కనక కంపైలర్ మధ్యలో 3 బైట్లు ఖాళీ వదిలేస్తుంది: ఉష్ణోగ్రత 4 దగ్గర, తేమ 8 దగ్గర, చివర ఇంకో 2 బైట్ల ఖాళీ, మొత్తం 12. అదే స్ట్రక్చర్ 8 బిట్ల ప్రాసెసర్ ఉన్న ఆర్డినో యూనో బోర్డులో ఖాళీల్లేకుండా 0, 1, 5 దగ్గర సర్దుకుని 7 బైట్లతో అయిపోతుంది. సరే, లెక్క తెలిసినవాడు 4, 8 అని రాస్తాడు, పని చేస్తుంది. రేపు గది తలుపు తీసుందో లేదో చూద్దామని స్థితి పక్కన ఇంకో బైటు పెడతాం, అది ఆ ఖాళీలోకే పోతుంది, ఏదీ కదలదు, "ఏటీ అవ్వలేదు కదా" అని ధీమా వచ్చేస్తుంది. ఎల్లుండి దాని తర్వాత 4 బైట్ల టైమ్‌స్టాంప్ పెడితే ఉష్ణోగ్రత 8కి, తేమ 12కి జరుగుతాయి. అసెంబ్లీ మాత్రం పాత అంకెలే పట్టుకుని టైమ్‌స్టాంప్‌ని వేడి అనుకుంటుంది, ఉష్ణోగ్రతలో కింది సగాన్ని తేమ అనుకుంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. పప్పు మాడాక బట్టీ యజమాని ఫోన్ చేస్తాడు.

స్ట్రక్చర్‌కి ప్యాక్డ్ (ఖాళీలు వదలొద్దు) అని పెట్టేస్తే ఖాళీల గోల ఉండదు కదా అంటారు కొందరు. ఏఆర్‌ఎమ్‌లో చిన్న ప్రాసెసరైన కార్టెక్స్ ఎమ్‌0 మీద ఆ పని చెయ్యకండి. సీ కంపైలర్‌కి అది ప్యాక్డ్ అని తెలుసు కాబట్టి ఒక్కో బైటు తెచ్చి అతికిస్తుంది. మీరు చేత్తో రాసిన ఎల్‌డీఆర్‌కి (మెమరీ నుంచి 4 బైట్లు తెచ్చే అసెంబ్లీ ఆదేశం) ఆ సంగతి తెలీదు, 4తో భాగించలేని అడ్రస్ నుంచి 4 బైట్లు అడుగుతుంది, నేరుగా హార్డ్ ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ అక్కడే చతికిలబడుతుంది.

ఇంటెల్ తరహా ప్రాసెసర్లకి వాడే అసెంబ్లర్లు నాస్మ్‌లోను, మాస్మ్‌లోను స్ట్రక్చర్‌ని అసెంబ్లీలోనే రాసుకునే సదుపాయం ఉంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకే స్థలానికి రెండు పాస్‌బుక్కులు ఇచ్చినట్టు ఇక్కడో నకలు, సీలో ఓ నకలు తయారవుతాయి. అలైన్‌మెంట్ (అడ్రస్ భాగించబడాలనే నియమం) ఖాళీలు కూడా మనమే చూసుకోవాలి. మొత్తం ప్రోగ్రామ్ అసెంబ్లీలోనే రాస్తే తప్ప నాకు దీని మీద మోజు లేదు.

విజయనగరం కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్ట్ చేసే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇది: అంకెలు చేత్తోనే రాయండి, కానీ సీ వైపు కాపలా పెట్టండి. సీ భాష 2011 ప్రమాణమైన సీ11 నుంచి స్టాటిక్ అసర్ట్ ఉంది, షరతు తప్పితే కంపైల్ చేసేటప్పుడే ఆపేస్తుంది. ఒకే హెడర్‌లో అంకెల డిఫైన్లు పెట్టి, సీకి మాత్రమే పనికొచ్చే భాగాన్ని అసెంబ్లర్ మాక్రో (అసెంబ్లీ ఫైల్ చదివేటప్పుడు జీసీసీ కంపైలర్ పెట్టే గుర్తు) లేనప్పుడే కనిపించేలా మూసెయ్యండి, ఫీల్డు ఎంత దూరంలో ఉందో చెప్పే సీ సదుపాయం ఆఫ్‌సెట్‌ఆఫ్ ఇచ్చే విలువ మన అంకెతో సమానమో కాదో అసర్ట్‌లో అడగండి. టైమ్‌స్టాంప్ దూర్చిన క్షణమే బిల్డ్ ఆగిపోతుంది, టెన్షన్ లేదు. అసెంబ్లీ ఫైల్ చివర పెద్ద ఎస్ ఉండాలి, చిన్న ఎస్ పెడితే జీసీసీ ప్రీప్రాసెసర్‌ని (డిఫైన్లు, హెడర్లు ముందే విప్పే భాగం) పిలవదు, హెడర్ చదవదు.

ఫీల్డులు పదుల్లో ఉన్నా, ఒకే కోడ్ రెండు మూడు రకాల ప్రాసెసర్ల మీద నడవాలన్నా ఈ కాపలా చాలదు, అంకెలే వేరుగా ఉంటాయి మరి. అప్పుడు లినక్స్ కెర్నల్ దారే మేలు. ఏఎస్‌ఎమ్ ఆఫ్‌సెట్స్ అనే సీ ఫైల్ ఒకటి ఉంటుంది, దాన్ని అసెంబ్లీ దాకా కంపైల్ చేసి ఆపేస్తారు. ఇన్‌లైన్ అసెంబ్లీ ద్వారా ఒక గుర్తు, పేరు, అంకె ఆ అవుట్‌పుట్‌లో పడేలా చేసి, సెడ్ అనే టెక్స్ట్ మార్చే టూల్‌తో ఆ లైన్లు ఏరి హెడర్‌గా మారుస్తారు. దీని అందం ఏంటంటే బోర్డు మీద ఏదీ నడపక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో నడుస్తూ బోర్డుకి కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్ ఉంటే చాలు. ఇదంతా ఎందుకులే అని ల్యాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి ఆఫ్‌సెట్లు ప్రింట్ చేసేవాళ్ళున్నారు. స్ట్రక్చర్‌లో ఒక్క పాయింటర్ ఉన్నా అక్కడ 8 బైట్లు, బోర్డులో 4, ఇక ఆ అంకెలు దేనికీ పనికిరావు.

అసలు పంచుకునేదే తగ్గించగలిగితే ఇంకా హాయి. చిన్న బోర్డులకి వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీఆర్‌టీఓఎస్‌లో టాస్క్ స్ట్రక్చర్‌కి స్టాక్ పైభాగం చూపే పాయింటరే మొదటి సభ్యుడిగా ఉండి తీరాలి, ఆ మాట కామెంట్‌లో పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఆఫ్‌సెట్ సున్నా, కాబట్టి కింద ఎన్ని ఫీల్డులు చేర్చినా అసెంబ్లీకి పట్టదు. మన పలాస బోర్డుకైతే ఉష్ణోగ్రతని మొదట, తేమని తర్వాత, స్థితిని చివర పెడితే 12 బైట్లు 8కి తగ్గుతాయి, అసెంబ్లీకి వేడి ఒక్కటే కావాలంటే దానికి అంకె కూడా అక్కర్లేదు. అయినా సున్నా అన్నదానికీ ఒక అసర్ట్ రాసి పెట్టండి, ఎవడో ఒకడు దాని పైన ఇంకో ఫీల్డు పెడతాడు.